‘మిషన్ పనిచేయుట లేదు’... ఆ కాగితం ఎవరు తీస్తారు?

ఆసుపత్రి అనగానే డాక్టర్లు, నర్సులు, మందులు గుర్తొస్తాయి. మరి ఆ డాక్టర్‌కి కళ్లూ చెవులూ అయిన మిషన్ల బాగోగులు ఎవరు చూస్తారు? ఒక చిన్న వైరు తెగితే అది ఎన్నాళ్లు అలాగే ఉండిపోతుంది? మనం ఎప్పుడూ అడగని ఈ ప్రశ్నల వెనక చాలా కథ ఉంది.

మూడేళ్ల కిందటి మాట. రాత్రి పదకొండు దాటింది. నాన్న ఛాతీ పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయారు. ఒళ్లంతా చెమట. బైక్ మీద తీసుకెళ్లే పరిస్థితి కాదు. పక్కింటి అన్న ఆటో తీశాడు. పది నిమిషాల్లో ప్రభుత్వాసుపత్రికి చేరిపోయాం.

డ్యూటీ డాక్టర్ ఉన్నారు. సిస్టర్ ఉన్నారు. మందులున్నాయి. ఈసీజీ మిషన్ కూడా ఉంది. కాకపోతే దాని మీద ఒక తెల్ల కాగితం అతికించి ఉంది. దాని మీద స్కెచ్ పెన్నుతో రాసిన మూడు ముక్కలు... ‘మిషన్ పనిచేయుట లేదు’.

“బయట తీయించుకు రా బాబూ, తొందరగా” అన్నారు సిస్టర్. మళ్లీ ఆటో. బస్టాండ్ దగ్గర ల్యాబ్‌కి షట్టర్ దించేశారు. ఇంకో చోట తలుపు కొట్టి మనిషిని నిద్ర లేపాం. ఈసీజీ కాగితం డాక్టర్ చేతిలో పెట్టేసరికి యాభై నిమిషాలు గడిచిపోయాయి.

గుండెపోటు అనుమానంతో వచ్చిన మనిషికి పది నిమిషాల్లోపు ఈసీజీ తీసి చూడాలన్నది గుండె వైద్యంలో అందరూ ఒప్పుకున్న నియమం. మాకు పట్టింది దానికి ఐదు రెట్లు. నాన్నది గుండెపోటు కాదు, గ్యాస్ నొప్పి అని తేలింది. అదృష్టం. కానీ ఆ రాత్రి మేం అదృష్టం మీద ఆధారపడ్డాం, ఆసుపత్రి మీద కాదు.

తర్వాత కొన్ని రోజులకు బీపీ చూపించడానికి అక్కడికే వెళ్లాం. మిషన్ మీద కాగితం లేదు. జిగురు మరక మాత్రం ఉంది. ఏమైందని అక్కడున్న టెక్నీషియన్ అన్నను అడిగాను. ఒక లీడ్ వైరు లోపల తెగిందట. కొత్తది మార్చారట. మార్చడానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాల పనికి మిషన్ ఆగింది పదకొండు రోజులు!

అప్పటి నుంచి ఏ ఆసుపత్రికి వెళ్లినా నా కళ్లు ముందు మిషన్ల వైపే పోతున్నాయి. చదివేకొద్దీ, అడిగేకొద్దీ తెలిసింది... ఇది మా ఊరి కథ ఒక్కటే కాదని.

ఏడున్నర లక్షల మిషన్లు లెక్కపెడితే...

ఇంట్లో ఎన్ని ఫోన్లున్నాయి, ఏది పనిచేస్తుంది, దేని బ్యాటరీ పోయింది... మనకు నోటికి తెలుసు. ప్రభుత్వాసుపత్రుల్లో ఎన్ని మిషన్లున్నాయి, వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయి అన్నది మాత్రం దేశంలో చాలాకాలం ఎవరూ పూర్తిగా లెక్కేయలేదు.

జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఆ పని చేశారు. 29 రాష్ట్రాల్లో 29,115 ఆరోగ్య కేంద్రాలు, ఆసుపత్రులు తిరిగి ఒక్కో పరికరాన్నీ రాసుకున్నారు. తేలిన లెక్క... 7,56,750 పరికరాలు. వాటి విలువ సుమారు 4,564 కోట్ల రూపాయలు.

వాటిలో పనిచేయనివి ఎన్ని? రాష్ట్రాన్ని బట్టి 13 శాతం నుంచి 34 శాతం దాకా! అంటే పరిస్థితి బాగోలేని చోట ప్రతి మూడింటిలో ఒకటి మూలన పడి ఉందన్నమాట.

ఇంకో చిన్న లెక్క వేసి చూడండి. 4,564 కోట్లను ఏడున్నర లక్షలతో భాగిస్తే ఒక్కో పరికరం సగటున 60 వేల రూపాయలు. ఒక మంచి ఫోన్ ధర! ‘ఆసుపత్రి మిషన్’ అనగానే మనకు కోట్లు పోసి కొనే ఎంఆర్ఐ, సీటీ స్కాన్‌లే మెదులుతాయి. కానీ రోజూ ప్రాణాలు నిలబెట్టేవి ఎక్కువగా ఈ చిన్నచిన్నవే. బీపీ మిషన్, ఈసీజీ, సక్షన్ మిషన్, బేబీ వార్మర్, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్. ఎంఆర్ఐ ఆగితే పేపర్లో వార్త వస్తుంది. సక్షన్ మిషన్ ఆగితే ఒక కాగితం అతికిస్తారు, అంతే.

నిజంగా ‘చచ్చిపోయినవి’ ఎన్ని?

సరే, ఇన్ని మిషన్లు ఎందుకు ఆగిపోతున్నాయి? ఖరీదైన స్పేర్ పార్టులు విదేశాల నుంచి రావాలి కాబట్టి అనుకుంటాం. కొంతవరకు నిజమే. కానీ అసలు కారణం చాలాసార్లు అది కాదు.

అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాబర్ట్ మాల్కిన్, ఇంకో పరిశోధకురాలు కలిసి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. 11 దేశాల్లో, వసతులు అంతంతమాత్రంగా ఉన్న 60 ఆసుపత్రుల నుంచి వచ్చిన 2,849 రిపేర్ విన్నపాలను పరిశీలించారు. ఇంజినీర్లు, ఇంజినీరింగ్ విద్యార్థులు వెళ్లి, ఆ ఊళ్లో దొరికే సామానుతోనే బాగుచేయడానికి ప్రయత్నించారు. దిగుమతి చేసుకున్న స్పేర్ పార్ట్ ఒక్కటి కూడా వాడకూడదన్నది షరతు.

ఫలితం? 1,821 మిషన్లు మళ్లీ పనిలోకి వచ్చాయి. వాటిలో నిజంగా ఆగిపోయి ఉన్న మిషన్లతో పోలిస్తే అది 72 శాతం!

వాటిలో అసలు లోపం ఏమిటో కూడా విడదీసి చూశారు. ఎలక్ట్రికల్ పనులు 18 శాతం, మెకానికల్ 18 శాతం. పైపులు, లీకులు, ట్యూబులు బాగుచేయడం లాంటి ప్లంబింగ్ పనులు 19 శాతం. పవర్ సప్లై 14 శాతం, మోటార్లు 5 శాతం. అన్నింటికంటే పెద్ద వాటా 25 శాతం. అది దేనిదో తెలుసా? సరిగ్గా బిగించకపోవడం, వాడేవాళ్లకు వాడటం నేర్పకపోవడం! అంటే బాగుచేసిన ప్రతి నాలుగు మిషన్లలో ఒకటి అసలు చెడిపోనేలేదు.

ఆగిపోయిన మిషన్లలో 66 శాతాన్ని కేవలం 107 ప్రాథమిక నైపుణ్యాలతో బాగుచేయొచ్చని కూడా తేల్చారు. ఫ్యూజు మార్చడం, తెగిన వైరు అతికించడం, ఫిల్టర్ శుభ్రం చేయడం లాంటివి. శ్రద్ధగా నేర్చుకుంటే ఏ ఐటీఐ కుర్రాడికైనా వచ్చే పనులే. మా ఊరి ఈసీజీ మిషన్‌కి కావాల్సింది కూడా అదే.

లైటు వెలుగుతోంది... అంటే పనిచేస్తున్నట్టేనా?

కాగితం అతికించిన మిషన్ ఒక విధంగా నయం. అది చెడిపోయిందని అందరికీ తెలుసు. అసలు భయపడాల్సింది ‘ఆన్’లో ఉండి కూడా సరిగా పనిచేయని మిషన్ గురించి.

పుట్టిన బిడ్డకు కామెర్లు వస్తే నీలి లైటు కింద పడుకోబెడతారు. ఫోటోథెరపీ అంటారు. పాత ట్యూబ్ లైట్ల మిషన్లలో గంటలు గడిచేకొద్దీ వెలుగులో పస తగ్గిపోతుంది. కంటికి మాత్రం తేడా తెలియదు. నీలంగా వెలుగుతూనే ఉంటుంది. బిడ్డ దాని కిందే పడుకుని ఉంటుంది. తల్లిదండ్రులు వైద్యం జరుగుతోందనే అనుకుంటారు. బిలిరుబిన్ మాత్రం తగ్గదు. అది మరీ పెరిగితే బిడ్డ మెదడుకే ప్రమాదం. ఆ వెలుగు సరిపోతోందా లేదా అన్నది చిన్న మీటర్ పెట్టి కొలిస్తేనే తెలుస్తుంది.

పక్కనే బేబీ వార్మర్. బిడ్డ పొట్ట మీద అతికించిన చిన్న ప్రోబ్ ఒంటి వేడిని కొలిచి చెబుతుంది. దాన్నిబట్టి పైనున్న హీటర్ వేడి పెంచుతుంది, తగ్గిస్తుంది. ప్రోబ్ ఊడి పక్కకు పడిపోయిందనుకోండి. అది గాలి వేడిని చూసి ‘బిడ్డ చల్లబడిపోతోంది’ అనుకుంటుంది. హీటర్ ఇంకా ఇంకా వేడెక్కుతుంది. అలాంటప్పుడు మోగాల్సిన అలారం పనిచేస్తోందా లేదా అని ముందే చూసి పెట్టుకోకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కోవిడ్ రోజుల్లో మనందరికీ తెలిసిన ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ సంగతి చూద్దాం. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. ఈ మిషన్ జియోలైట్ అనే పదార్థం గుండా గాలిని పంపి, నైట్రోజన్‌ను వడకట్టి, 90 శాతానికి పైగా ఆక్సిజన్ ఉన్న గాలిని ఇస్తుంది. దుమ్ముతో ఫిల్టర్ మూసుకుపోయినా, తేమ తగిలి జియోలైట్ పాడైనా ఆ శాతం పడిపోతుంది. కానీ ముందున్న గాజు గొట్టంలో బంతి మాత్రం ‘5 లీటర్లు’ దగ్గరే ఆడుతుంటుంది. అది గాలి ఎంత వస్తోందో చెబుతుంది కానీ అందులో ఆక్సిజన్ ఎంతో చెప్పదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉక్కపోత ఊళ్లలో ఈ జాగ్రత్త రెండింతలు కావాలి.

ఇక డీఫిబ్రిలేటర్. ఆగిపోయే గుండెకు షాక్ ఇచ్చే మిషన్. సినిమాల్లో చూసే ఉంటారు. నెలల తరబడి దీని అవసరం రాకపోవచ్చు. వచ్చిన రోజు మాత్రం క్షణాల్లో పనిచేయాలి. ఛార్జింగ్‌లోనే పెట్టాం కదా అని వదిలేస్తే కుదరదు. మన ఫోన్ బ్యాటరీ రెండు మూడేళ్లకు ఎలా నీరసపడుతుందో దీనిదీ అంతే. అందుకే రోజూ ఒకసారి టెస్ట్ షాక్ కొట్టి చూడాలి. 200 జౌళ్లు పెడితే నిజంగా అంత వస్తోందో లేదో ఎనలైజర్‌తో అప్పుడప్పుడు కొలవాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు వినగానే కిడ్నీ జబ్బులు, డయాలిసిస్ గుర్తొస్తాయి. అక్కడ మంచం పక్కనున్న డయాలిసిస్ మిషన్ అందరికీ కనిపిస్తుంది. దాని వెనక గదిలో ఉండే ఆర్ఓ ప్లాంటు ఎవరికీ కనిపించదు. నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటల డయాలిసిస్‌లో సుమారు 120 లీటర్ల ద్రవం, పల్చటి పొర అవతలి నుంచి రోగి రక్తాన్ని తాకుతూ పోతుంది. ఆ ద్రవంలో దాదాపు అంతా ఈ ప్లాంటు నీళ్లే. ఆ నీటిలో క్లోరిన్ లాంటివి మిగిలిపోతే ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. మిషన్ ఎంత కొత్తదైనా వెనకున్న నీళ్లు బాగోకపోతే ఆ వైద్యం విషమవుతుంది.

కొన్న రోజు ఫొటో... తర్వాత?

కొత్త మిషన్ వచ్చిన రోజు ఆసుపత్రిలో పండగే. రిబ్బన్, కొబ్బరికాయ, ఫొటోలు. వాట్సాప్ స్టేటస్‌లు. ఆ తర్వాతే అసలు పరీక్ష మొదలవుతుంది.

మిషన్ పెట్టే గదిలో ఏసీ ఉందా? వోల్టేజ్ నిలకడగా ఉందా? స్టెబిలైజర్, యూపీఎస్ ఉన్నాయా? ఎర్తింగ్ సరిగా ఉందా? ఎర్త్ పిన్ను విరిచేసి రెండు పిన్నులతోనే ప్లగ్ పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉన్నట్టే ఆసుపత్రుల్లోనూ ఉంది. ఇంట్లో అయితే ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమంటుంది. ఆసుపత్రిలో ఆ కరెంటు మంచం మీదున్న రోగి ఒంట్లోకి పోతుంది. ఎక్స్‌రే అయితే అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) లైసెన్సు కూడా కావాలి.

ఇక ఖర్చు సంగతి. ప్రింటర్ చవగ్గా కొని, కార్ట్రిడ్జ్ ధర చూసి నోరెళ్లబెట్టిన అనుభవం మీకూ ఉండే ఉంటుంది. రక్తపరీక్షల ఎనలైజర్ల తీరు కూడా అంతే. మిషన్ ధర ఒకసారి, దానిలో పోసే రీఏజెంట్ల ఖర్చు జీవితాంతం. అవి అదే కంపెనీ దగ్గర కొనాల్సి వస్తే ఇంకా భారం. రీఏజెంట్‌కు డబ్బు లేక ఆగిపోయిన మిషన్ కూడా రోగి లెక్కలో చెడిపోయినట్టే.

సర్వీస్ ఒప్పందాలు రెండు రకాలు. ఏఎంసీ అంటే ఇంజినీర్ వచ్చి చూసి వెళ్తాడు, పార్టులకు డబ్బు వేరే. సీఎంసీ అంటే పార్టులతో కలిపి. వారంటీ అయిపోయాక ఈ రెండింటిలో ఏదీ లేకుండా మిగిలిపోయే మిషన్ ఉంటుంది చూశారూ... అది దిక్కులేని బిడ్డే. చెడిపోతే ఒక ఉత్తరం పెద్ద డాక్టర్ గారికి, అక్కణ్నుంచి ఇంకో ఆఫీసుకు, అక్కణ్నుంచి కంపెనీకి. పది నిమిషాల పనికి పదకొండు రోజులు ఇలాగే అవుతాయి.

కొనడం, వాడుకలోకి తేవడం రెండూ ఒకటి కాదని దేశమంతా చూసిన సందర్భం కూడా ఉంది. కోవిడ్ రెండో వేవ్‌లో, జనం బెడ్ల కోసం పరుగులు పెడుతున్నప్పుడు, కొన్ని రాష్ట్రాల్లో వెంటిలేటర్లు స్టోర్లలోనే పడి ఉన్నాయని వార్తలొచ్చాయి. 2021 మే నెలలో వాటి ఇన్‌స్టాలేషన్, పనితీరు మీద వెంటనే ఆడిట్ చేయాలని ప్రధానమంత్రి ఆదేశించాల్సి వచ్చింది. వాడే సిబ్బందికి మళ్లీ శిక్షణ ఇవ్వాలని కూడా చెప్పారు. మిషన్ ఉంటే చాలదు. దాన్ని బిగించే చేతులు, నడిపే చేతులు, చూసుకునే చేతులు కావాలి.

తెల్లకోటు లేని మనిషి

ఆ చూసుకునే చేతులే బయోమెడికల్ ఇంజినీర్, బయోమెడికల్ టెక్నీషియన్. పెద్ద ఆసుపత్రుల్లో వీళ్ల ఆఫీసు ఎక్కువగా బేస్‌మెంట్‌లోనో, స్టోర్ రూమ్ పక్కనో ఉంటుంది. డాక్టర్ పేరు బోర్డు మీద ఉంటుంది కానీ వీళ్ల పేరు ఎక్కడా ఉండదు.

వీళ్ల పని రిపేర్ ఒక్కటే అనుకుంటే పొరపాటు. మొదటి పని లెక్క. ప్రతి మిషన్‌కూ ఒక నంబర్, ఒక చరిత్ర. ఎప్పుడు కొన్నారు, వారంటీ ఎప్పటిదాకా, ఎన్నిసార్లు చెడింది, ఏ పార్ట్ మార్చారు అన్నీ రాసి ఉండాలి. రోగికి కేస్ షీట్ ఉన్నట్టే మిషన్‌కూ ఉండాలి.

రెండోది ముందుజాగ్రత్త సర్వీసింగ్. చెడిపోకముందే ఫిల్టర్లు, బ్యాటరీలు, రబ్బరు గాస్కెట్లు మార్చడం. బైక్‌కి కిలోమీటర్లు చూసి ఆయిల్ మార్చమా? అలాగే. మూడోది క్యాలిబ్రేషన్. సిరంజి పంపు గంటకు 5 మిల్లీలీటర్లు అని చూపిస్తే నిజంగా 5 మిల్లీలీటర్లే వెళ్తోందా అని కొలిచి, తేడా ఉంటే సరిచేయడం. బీపీ నిలబెట్టే మందు అందులో వెళ్తున్నప్పుడు ఆ చిన్న తేడాయే చావుబతుకుల తేడా. నాలుగోది, ఇక పనికిరానిదాన్ని ధైర్యంగా పక్కన పెట్టించడం. పాత మిషన్లను రాతకోతల భయంతో కారిడార్లో పోగేస్తే ఎలుకలకు ఇల్లు దొరుకుతుంది, అవి కొత్త మిషన్ల వైర్లు కొరుకుతాయి.

ప్రభుత్వాసుపత్రుల్లో ఈ పనుల కోసమే 2015లో జాతీయ ఆరోగ్య మిషన్ కింద ‘బయోమెడికల్ పరికరాల నిర్వహణ కార్యక్రమం’ మొదలైంది. దీన్ని ముందుగా అందుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పద్ధతి సులువే. ప్రతి పరికరానికీ ఒక గుర్తింపు నంబర్. చెడిపోతే టోల్‌ఫ్రీకి ఫోన్. ఒప్పందం చేసుకున్న సంస్థ ఇంజినీర్ వచ్చి బాగుచేయాలి. ఆలస్యమైతే జరిమానా. ఉత్తరం ఆఫీసులు తిరిగే పని లేదు.

ఇందులో పెట్టుకున్న లక్ష్యాలు గమనించదగ్గవి. జిల్లా ఆసుపత్రుల్లో పరికరాలు 95 శాతం సమయం పనిచేస్తూ ఉండాలి. కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో 90 శాతం, పీహెచ్‌సీల్లో 80 శాతం. వినడానికి ఫస్ట్ క్లాస్ మార్కులే. ఏడాదిలో రోజుల్లోకి మార్చి చూడండి. 95 శాతం అంటే సుమారు 18 రోజులు ఆగినా పర్వాలేదు. 90 శాతం అంటే 36 రోజులు. 80 శాతం అంటే 73 రోజులు!

జిల్లా ఆసుపత్రిలో ఒక ఈసీజీ ఆగితే పక్క వార్డులో ఇంకోటి ఉంటుంది. పల్లెటూరి పీహెచ్‌సీలో ఉండేదే ఒకటి. అది ఆగితే తర్వాతి మిషన్ పాతిక కిలోమీటర్ల అవతల. అంటే ఒక్క మిషనే ఉన్న చోటే ఎక్కువ రోజులు ఆగినా లక్ష్యం అందుకున్నట్టే లెక్క. దూరం ఎక్కువ, ఇంజినీర్లు తక్కువ కాబట్టి అలా పెట్టి ఉండొచ్చు. కానీ ఏజెన్సీ ఊరి గర్భిణికి ఆ లెక్క ఎలా వివరిస్తాం?

పాస్‌వర్డ్ ఎవరి చేతిలో?

ఫోన్ డిస్‌ప్లే పగిలితే గల్లీ షాపులో మార్పించుకుంటాం. ఆసుపత్రి మిషన్ల విషయంలో అంత తేలిక కాదు. చాలావాటిలో సర్వీస్ మెనూలోకి వెళ్లాలంటే కంపెనీ పాస్‌వర్డ్ కావాలి. సర్వీస్ మాన్యువల్ కంపెనీ ఇంజినీర్ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. భద్రత కోసమే అలా పెట్టామని కంపెనీలు చెబుతాయి. అందులో కొంత న్యాయం ఉంది. తెలియనివాళ్లు వెంటిలేటర్ విప్పితే ప్రమాదమే. కానీ తెలిసిన ఇంజినీర్ ఆసుపత్రిలోనే ఉండి కూడా చేతులు కట్టుకుని కూర్చోవాల్సి రావడం ఏం న్యాయం?

కోవిడ్ వచ్చినప్పుడు ఈ ప్రశ్న ప్రపంచమంతా వేసుకుంది. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఎలా విప్పాలో నేర్పే ‘ఐఫిక్సిట్’ సైట్ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2020 మేలో వాళ్లు లైబ్రేరియన్లు, వలంటీర్ల సాయంతో 13 వేలకు పైగా వైద్య పరికరాల మాన్యువల్స్‌ను ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు.

మన దగ్గరా ఒక ప్రయత్నం ఉంది. విశాఖపట్నంలో 270 ఎకరాల్లో ఏర్పాటైన ‘ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్’ 2018 డిసెంబర్‌లో మొదలైంది. వైద్య పరికరాల తయారీ, టెస్టింగ్ ఒకేచోట ఉండాలన్నది దాని ఉద్దేశం. మనం వాడే వైద్య పరికరాల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ దిగుమతులే. తయారీ మన ఊళ్లోకి వస్తే స్పేర్ పార్ట్ సముద్రం దాటి రావక్కర్లేదు, ఇంజినీర్ కోసం వారాలు ఎదురుచూడక్కర్లేదు.

ఇంటర్ తర్వాత ఏం చదవాలా అని ఆలోచిస్తున్నవాళ్లు ఇటువైపూ ఒక చూపు వేయొచ్చు. ఉస్మానియా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో బయోమెడికల్ ఇంజినీరింగ్ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో ఆ విభాగం ఉంది. సాఫ్ట్‌వేర్ అంత గ్లామర్ లేకపోవచ్చు. కానీ మీరు మార్చిన ఒక వైరు వల్ల రాత్రి పదకొండింటికి ఎవరి నాన్నో బతకొచ్చు.

మనం ఏం చేయొచ్చు?

ఇదంతా ప్రభుత్వం, ఆసుపత్రులు చూసుకోవాల్సిన విషయం అనుకోకండి. మన చేతిలోనూ కొన్ని ఉన్నాయి.

ఐసీయూలో ఫోన్ ఛార్జింగ్ పెట్టకండి. ఇది అందరికీ చెప్పాల్సిన మాట. బెడ్ పక్కనున్న సాకెట్‌లో మన ఛార్జర్ కోసం తీసే ప్లగ్ ఏ మానిటర్‌దో, ఏ పంపుదో మనకు తెలియదు. బ్యాటరీ మీద కాసేపు నడిచి, మనం చూడని సమయంలో అది ఆగిపోవచ్చు.

స్టిక్కర్ చూడండి. మిషన్ పక్కనో వెనకో చిన్న స్టిక్కర్ ఉంటుంది. క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేశారు, మళ్లీ ఎప్పుడు చేయాలి అని తేదీలుంటాయి. గడువు దాటితే మర్యాదగా అడగండి. గొడవ అక్కర్లేదు, అడిగేవాళ్లున్నారని తెలిస్తే చాలు.

అలారం మోగితే మీరే నొక్కి ఆపేయకండి. సిస్టర్‌ని పిలవండి.

మిషన్ పనిచేయడం లేదన్న కాగితం కనిపిస్తే, ఎప్పటి నుంచి, ఎవరికి చెప్పారు అని అడగండి. ఆ కాగితం మీద తేదీ, ఫిర్యాదు నంబర్ రాసి ఉంటే సగం పని జరిగినట్టే. తేదీ లేని కాగితానికి గడువు ఉండదు.

ఇక మన ఇంటి సంగతి. కోవిడ్ టైమ్‌లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఇప్పుడెక్కడుంది? టీవీ కింద డ్రాయర్లో, బ్యాటరీలు కారి తుప్పు పట్టి ఉంటుంది. వాడనప్పుడు బ్యాటరీలు తీసి పెట్టండి. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్ల రంగు ఉన్నా రీడింగ్ తప్పుగా రావచ్చు. గ్లూకోమీటర్ స్ట్రిప్‌లకు ఎక్స్‌పైరీ ఉంటుంది, డబ్బా మూత గట్టిగా పెట్టాలి. అమ్మానాన్నల డిజిటల్ బీపీ మిషన్‌ను డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లి, అక్కడి రీడింగ్‌తో ఒకసారి పోల్చి చూసుకోండి. మన ఇల్లు కూడా ఒక చిన్న ఆసుపత్రే. దాని బయోమెడికల్ ఇంజినీర్ మీరే.

మొన్నామధ్య నాన్నకు మళ్లీ చెకప్ ఉంటే అదే ఆసుపత్రికి వెళ్లాం. ఆయన బీపీ చూపించుకుంటుంటే నేను ఈసీజీ గదిలోకి తొంగిచూశాను. పాత మిషనే. జిగురు మరక ఇంకా ఉంది. దాని పక్కనే ఒక కొత్త స్టిక్కర్, నీలి రంగు పెన్నుతో రాసిన సర్వీస్ తేదీ, కింద ఎవరిదో పొట్టి సంతకం. ఆ సంతకం ఎవరిదో నాకు తెలియదు. పక్కన గోడకి కొత్త లీడ్ వైర్ల సెట్ ఒకటి వేలాడుతోంది, అవసరానికి.

“ఏంట్రా, మిషన్ వంక అలా చూస్తున్నావు?” అన్నారు నాన్న బయటికొస్తూ.

“ఏం లేదు నాన్నా, పనిచేస్తోంది” అన్నాను.